పీక్ డిస్ట్రిక్ట్ మూర్లలో లోతైన లోయల నడక: ఎక్కడ మొదలుపెట్టాలి, వాగును ఎంతవరకు నమ్మాలి?

పెన్నేటివాసి (మాంచెస్టర్)

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో స్థిరపడిన తరువాత దగ్గరి పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనంలోని తేలికపాటి కాలిబాటలు, జలాశయాల చుట్టూ తిరిగే దారులు కుటుంబంతో కలిసి చాలావరకు నడిచాము. ఇప్పుడు మూర్ భూములను, అంటే చెట్లు పెద్దగా లేని ఎత్తైన బయలు నేలలను, కోసుకుంటూ దిగే ఇరుకు లోయల్లో, అంటే ఇక్కడివారు క్లఫ్ అని పిలిచే చోట్ల, వాగు పక్కనే నడుస్తూ పీఠభూమి పైకి చేరుకోవాలని ఉంది. మాది జమ్మలమడుగు ప్రాంతం. గండికోట అంచున నిలబడి పెన్నను కిందికి చూడడం మాకు చిన్ననాటి నుంచి అలవాటే గానీ, లోయ అడుగున బయలుదేరి నీటికి ఎదురుగా పైకి ఎక్కడం అలవాటు లేదు.

నాతో పాటు నా భార్య, పదమూడేళ్ల అమ్మాయి వస్తారు. మాకు కారు లేదు కాబట్టి రైలు ఆగే చోటు నుంచే బయలుదేరాలి. మొదట ఏ లోయకు వెళ్లడం మంచిది, నేరుగా ఇక్కడి అన్నిటికంటే ఎత్తైన పీఠభూమి కిండర్ స్కౌట్‌కు వెళ్లవచ్చా, వాగు గట్టు మీద స్పష్టమైన బాట ఉంటుందా, లేక రాళ్ల మీద ఎగబాకవలసి వస్తుందా అన్నది తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

నడకదారి (షెఫీల్డ్)

పెన్నేటివాసి గారూ, అమ్మాయి వస్తోంది కాబట్టి మొదట పాడ్లీ గోర్జ్ అనే ఇరుకు లోయకు వెళ్లండి. మాంచెస్టర్ పికడిలీ నుంచి షెఫీల్డ్ వైపు వెళ్లే రైళ్లలో అన్ని స్టేషన్లలోనూ ఆగే రైలు ఎక్కి గ్రిండిల్‌ఫోర్డ్‌లో దిగితే, స్టేషను దాటిన కొద్దిసేపటికే లోయ మొదలవుతుంది. వేగంగా వెళ్లే రైళ్లు అక్కడ ఆగవు. ఆ స్టేషను చివరనే టోట్లీ సొరంగం నోరు కనిపిస్తుంది. మూడున్నర మైళ్ల పొడవున్న ఆ సొరంగాన్ని 1893లో పూర్తి చేశారు. మీ అమ్మాయికి అది కూడా చూపించండి.

పైన మూర్ మీద పుట్టిన బర్బేజ్ బ్రుక్ అనే వాగు పాతకాలపు ఓక్ అడవి గుండా ఈ ఇరుకు లోయలో దిగుతుంది. నేను చెప్పేది గట్టు మీది బాట గురించే. వాగులోకి దిగి నడవనవసరం లేదు. అయినా ఆ బాటను తేలికగా తీసుకోకండి. చెట్ల వేళ్లు బాటకు అడ్డంగా మెట్లలాగా పరుచుకుని ఉంటాయి, వాన పడిన మరునాడు కూడా అవి తడిగానే ఉంటాయి, పాదం వాటి మీద కాక వాటి మధ్య మోపడం అలవాటు చేసుకోవాలి. కూలిన మొద్దుల్లో జనం కొట్టిన నాణేలు వందలకొద్దీ, అంచులు వంగిపోయి, చేప పొలుసుల్లా వరుసగా కనిపిస్తాయి. అది చెట్టుకు మంచిది కాదని కొందరంటారు. నాకూ ఆ అలవాటు నచ్చదు.

లోయ దాటి పైకి రాగానే లాంగ్‌షా ఎస్టేటు పచ్చిక బయలు, ఆ పైన మూర్ తెరుచుకుంటాయి. ఆ పరిసరాల్లో పొదల మధ్య సగం చెక్కి వదిలేసిన తిరగలి రాళ్లు పడి ఉంటాయి. ఇక్కడి గరుకు ఇసుకరాతితో విసిరిన పిండి కాస్త బూడిదరంగుకు తిరిగేది. జనం తెల్ల రొట్టెకు మరిగి ఫ్రాన్సు రాళ్లను కోరుకోవడంతో ఈ పని పడిపోయింది. జాతీయ ఉద్యానవనం హద్దుల దగ్గర మీరు చూసే తిరగలి రాయి గుర్తు వీటిదే. స్టేషను నుంచి పచ్చిక బయలు దాకా రెండు మూడు కిలోమీటర్లే కాబట్టి, మీవాళ్లకు ఈ రకం నేల నచ్చుతుందో లేదో అలసిపోకముందే తెలిసిపోతుంది. కిండర్ సంగతి ఆ తరువాత చూద్దాం.

రాతిపొర (లీడ్స్)

నడకదారి గారి సలహా సరైనదే. ఈ లోయలు ఇంత ఇరుకుగా, ఇంత నిటారుగా ఎందుకున్నాయో తెలిస్తే అడుగు ఎక్కడ పెట్టాలో కూడా కొంత తెలుస్తుంది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

సుమారు 32 కోట్ల సంవత్సరాల కిందట ఉత్తరం నుంచి వచ్చిన పెద్ద నదులు ఇక్కడి లోతులేని సముద్రంలో డెల్టాలు కట్టాయి. ఆ ఇసుక గట్టిపడి మిల్‌స్టోన్ గ్రిట్ అనే గరుకు ఇసుకరాయి అయింది. ఆ ఇసుక పొరల మధ్య చేరిన బురద షేల్ అయింది. గ్రిట్ గట్టిది, షేల్ పొరలు పొరలుగా విడిపోయే మెత్తనిది. వాగు కింద ఉన్న షేల్‌ను తొలిచినప్పుడల్లా పైనున్న గ్రిట్ ఆధారం కోల్పోయి దిమ్మెలుగా విరిగి కిందికి జారుతుంది. అందుకే ఈ లోయల్లో అడుగుభాగం మట్టిగా, మెత్తగా ఉండి, పైకి పోయే కొద్దీ బండరాళ్లు పెద్దవవుతాయి, చివరి వంద మీటర్ల ఎత్తు రాళ్ల మీదుగా ఎగబాకే దారి అవుతుంది. చివరి మంచుయుగంలో హిమానీనదాలు కిండర్‌ను కప్పలేదు. గడ్డకట్టిన నేల మీదుగా వేసవిలో కరిగి పారిన నీళ్లే ఈ క్లఫ్‌లను లోతు చేయడంలో పెద్ద పాత్ర వహించాయి.

గ్రిట్ రాయి గరుకుగా ఉండడం వల్ల పొడిగా ఉంటే బూటు బాగా పట్టుకుంటుంది. అదే రాయి మీద ఆకుపచ్చని పాచి పట్టిందంటే ఆ పట్టు పోయినట్టే. షేల్ వాలును మాత్రం ఎప్పుడూ నమ్మకూడదు, చేత్తో పట్టుకుంటే పలకలు పలకలుగా ఊడి వస్తుంది. కిండర్ కింద ఉన్న ఈడేల్ అనే ఊరికి దక్షిణాన మామ్ టోర్ అనే కొండ ఈ కారణంగానే జారుతూ ఉంటుంది. దాని ఒడిలో వేసిన ఏ625 రహదారిని ఎన్నిసార్లు బాగుచేసినా నిలవకపోవడంతో 1979లో శాశ్వతంగా మూసివేశారు. విరిగి మెట్లు మెట్లుగా కుంగిన ఆ తారు రోడ్డు మీద ఇప్పటికీ నడవవచ్చు. కొండచరియ అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

పటంముడత (స్టాక్‌పోర్ట్)

పాడ్లీ తరువాత కిండర్‌కు వెళ్లాలనుకుంటే ఈడేల్ స్టేషను నుంచి గ్రైండ్స్‌బ్రుక్ క్లఫ్ మీదుగా ఎక్కడమే అందరికీ నేను చెప్పే దారి. ఊరు దాటగానే చిన్న కాలివంతెన, ఆ తరువాత పొలం, చిన్న చెట్లతోపు, ఆ తరువాత పూర్తిగా తెరుచుకున్న లోయ. సగం దాకా బాట స్పష్టంగానే ఉంటుంది, పై భాగంలో బాటకూ వాగుకూ తేడా ఉండదు. చేతులు కూడా ఉపయోగించి బండరాళ్ల మధ్య నుంచి ఎక్కాలి. భయపెట్టే లోతు పక్కన ఉండదు గానీ అడుగు తప్పితే మోకాలికో మోచేతికో దెబ్బ ఖాయం. పీఠభూమి అంచుకు చేరాక పడమరగా అంచు బాట పట్టుకుని, క్రౌడెన్ టవర్, వుల్‌ప్యాక్స్ అనే వింత ఆకారాల రాళ్ల గుంపు దాటి, జేకబ్స్ లాడర్ మెట్ల మీదుగా అప్పర్ బూత్‌కు దిగి, పొలాల గుండా ఈడేల్‌కు తిరిగి రావచ్చు. మొత్తం 13, 14 కిలోమీటర్ల చుట్టు. 18వ శతాబ్దంలో జేకబ్ మార్షల్ అనే రైతు, బరువులు మోసే తన గుర్రం వంకరదారిలో ఎక్కుతుండగా తాను నిట్టనిలువుగా ఎక్కడానికి ఆ మెట్లు తవ్వుకున్నాడని చెబుతారు.

సమయం లెక్క వేసుకోవడానికి నేస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. దాని ప్రకారం ఈ చుట్టుకు మూడున్నర గంటలు వస్తుంది. అయితే ఆ లెక్క ఆగకుండా నడిచే పెద్దవారిది. బండరాళ్లు, పులిహోర పొట్లం విప్పే సమయం, అమ్మాయి ఫోటోలు అన్నీ కలుపుకుంటే అయిదున్నర గంటలు పెట్టుకోండి.

బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్1 డార్క్ పీక్ పటం కాగితం రూపంలో తప్పక కొనండి. ఫోనులో పటం ఉండడం మంచిదే గానీ, క్లఫ్‌ల అడుగున సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి, చలికి బ్యాటరీ కూడా తొందరగా పడిపోతుంది. పటం మీద ఎత్తు గీతలు వాగుకు రెండు వైపులా దగ్గర దగ్గరగా వచ్చి, వాగు నీలిగీతను నలుపు రాతిగుర్తులు కమ్మేసిన చోటు కనిపిస్తే అక్కడ చేతులతో పని ఉంటుందని అర్థం చేసుకోవచ్చు.

గోదారిగట్టు (బర్మింగ్‌హామ్)

పటాలు, సూత్రాలు అన్నీ మంచివే, కాని కొత్తవారిని ఇంత భయపెట్టడం అవసరమా అనిపిస్తోంది. ఇది 636 మీటర్ల కొండ, హిమాలయం కాదు. మా ఊళ్లో అడవికి పశువులను తోలుకుపోయే పెద్దలు ఒకే మాట చెప్పేవారు: దారి తప్పితే వాగు పట్టుకుని కిందికి దిగు, వాగు ఊరికి చేరుస్తుంది అని. ఇంగ్లండులోనైనా నీరు పల్లానికే పారుతుంది, పల్లంలోనే ఊరు ఉంటుంది. కిండర్ మీద పొగమంచు కమ్మితే కనిపించిన మొదటి వాగు వెంట దిగిపోవడమే తేలికైన ఉపాయమని నా అభిప్రాయం.

నడకదారి (షెఫీల్డ్)

గోదారిగట్టు గారూ, మీ పెద్దలు చెప్పిన మాట వారి అడవికి సరిపోతుంది. కిండర్ మీద అది ప్రమాదకరం, ఎందుకో వివరంగా చెబుతాను.

కిండర్ పైభాగం శిఖరం కాదు, కిలోమీటర్ల కొద్దీ పరచుకున్న పీట్ నేల, అంటే తడిలో సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నల్లటి మెత్తని నేల. ఆ నేలను మనిషి ఎత్తుకు మించిన లోతున్న నీటి కాలువలు వంకరటింకరగా కోసేశాయి. వీటిని ఇక్కడ గ్రఫ్‌లు అంటారు. గ్రఫ్ అడుగున నిలబడితే రెండు వైపులా నల్లటి తడి మట్టి గోడ, పైన బూడిదరంగు ఆకాశపు చీలిక, ఇంకేమీ కనిపించవు. ఒక గ్రఫ్ తూర్పుకు పోతున్నట్టే ఉండి ఇరవై అడుగుల్లో ఉత్తరానికి తిరుగుతుంది. నీరు కూడా ఒక్కోచోట కదలకుండా నిలిచి ఉంటుంది, అది ఎటు పారుతోందో తేల్చడమే కష్టం.

సరే, పారే నీరు దొరికిందనే అనుకుందాం. పీఠభూమి నడుమ కూడిన నీటిలో పెద్ద భాగం కిండర్ నదిగా పడమటి అంచుకు చేరి, కిండర్ డౌన్‌ఫాల్ దగ్గర దాదాపు 30 మీటర్లు కిందికి దూకుతుంది. మంచులో ఆ నీటిని నమ్మి నడిచినవాడు రాతి అంచుకు చేరతాడు, ఊరికి కాదు. మిగతా వాగుల్లోనూ పీఠభూమి అంచున చిన్నదో పెద్దదో నిలువు మెట్టు తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే రాతిపొర గారు చెప్పిన గట్టి గ్రిట్ పొర సరిగ్గా అక్కడే బయటపడుతుంది. ఎక్కేటప్పుడు ఆ మెట్టు ఎదురుగా కనిపిస్తుంది, వద్దనుకుంటే వెనక్కి తిరగవచ్చు. దిగేటప్పుడు అది మన కాళ్ల కింద ఉంటుంది, తీరా కనిపించేసరికి సగం జారిపోయి ఉంటాము. అందుకే క్లఫ్ వెంట ఎక్కాలి, కట్టిన బాట మీదుగా దిగాలి. నేను కొత్తవారికి చెప్పే నియమం ఇదొక్కటే.

డౌన్‌ఫాల్ గురించి ఇంకొక మాట. పడమటి గాలి బలంగా వీచే రోజున కిందికి పడే నీరు గాలికి పైకి లేచి పీఠభూమి మీదికే తిరిగి పడుతుంది. దూరం నుంచి చూసేవారికి కొండ అంచు పొగలు కక్కుతున్నట్టు ఉంటుంది. అది చూడదలచిన వారు పడమటి వైపు ఉన్న హేఫీల్డ్ అనే ఊరి నుంచి వెళ్లి, అంచుకు దూరంగా నిలబడి చూడాలి.

డెవాన్‌వైద్యురాలు (ఎక్సిటర్)

నేను దక్షిణాన డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్ ప్రాంతాల్లో నడిచే మనిషిని. పటంముడత గారు దారి గురించి చక్కగా చెప్పారు గానీ వాన గురించి ఎవరూ చెప్పలేదు. మూర్ లోయల్లో నడకకు సంబంధించి అన్నిటికంటే ముందు చూడవలసింది అదేనని నా అభిప్రాయం.

1952 ఆగస్టు 15న ఎక్స్‌మూర్ మీద 24 గంటల్లో సుమారు 229 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకు ముందే నేల తడిసి నిండి ఉంది. ఈస్ట్ లిన్, వెస్ట్ లిన్ అనే రెండు నదులు ఇరుకు లోయల గుండా దిగి లిన్‌మత్ అనే ఊళ్లో కలుస్తాయి. ఆ రాత్రి చెట్లూ బండలూ మోసుకుంటూ వరద ఊరి మీద పడి 34 మంది ప్రాణాలు తీసింది. అటువంటి వాన అరుదే. కాని అది జరిగిన తీరు మాత్రం చిన్న స్థాయిలో ప్రతి మూర్ వాగులోనూ ప్రతి శీతకాలం జరుగుతూనే ఉంటుంది. పైన విశాలమైన నేల మీద పడిన నీరంతా కింద ఒక్క ఇరుకు గొంతులో నుంచే వెళ్లాలి. మీరు నిలబడిన చోట ఎండ కాస్తూ ఉండవచ్చు. పైన గంట కిందట పడిన వాన అప్పటికే మీ వైపు దిగుతూ ఉంటుంది.

కాబట్టి మీరు వెళ్లే రోజు వాతావరణంతో పాటు ముందు రెండు రోజుల వాన కూడా చూసుకోండి. పొద్దున రాళ్ల మీదుగా దాటిన వాగు మధ్యాహ్నానికి దాటరానిది కావచ్చు. నీళ్లు టీ రంగులో ఉండడం మామూలే, అది పీట్ రంగు. కాని నురగతో పాటు పుల్లలు, గడ్డి దుబ్బులు కొట్టుకొస్తున్నాయంటే మట్టం పెరుగుతోందని అర్థం. మోకాలి దాకా వచ్చే వేగమైన నీటిని పిల్లలతో దాటే ప్రయత్నం అసలు చేయవద్దు.

వైద్యురాలిగా ఇంకొకటి. లోయల అడుగుభాగంలో వేసవిలో బ్రాకెన్ అనే ఫెర్న్ నడుము ఎత్తు పెరుగుతుంది, అందులో పిడుదులు ఉంటాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దూర్చుకోండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనుక, నడుము దగ్గర, పిల్లలకైతే తలలో, చెవుల వెనుక కూడా వెతకండి. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు. తరువాతి నెల రోజుల్లో గుండ్రంగా పెరిగే ఎర్రటి దద్దురు గానీ జ్వరం గానీ వస్తే డాక్టరుకు చూపించి పిడుదు కుట్టిన సంగతి చెప్పండి. పిడుదుల వల్ల వచ్చే లైమ్ వ్యాధిని మొదట్లోనే గుర్తిస్తే మందులతో నయమవుతుంది.

ఇండియా నుంచి పెద్దలు వచ్చినప్పుడు ఎక్కువ ఎగబాకకుండా గోర్జ్ చూపించాలనుకునే వారు డార్ట్‌మూర్ పడమటి అంచున ఉన్న లిడ్‌ఫర్డ్ గోర్జ్‌కు తీసుకువెళ్లవచ్చు. వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టు వారు టికెట్టు పెట్టి నిర్వహిస్తున్నారు. వైట్ లేడీ అనే సన్నని జలపాతం, నది రాతిని గుండ్రంగా తొలిచిన డెవిల్స్ కాల్డ్రన్ అక్కడి విశేషాలు. చేతిపట్లు, మెట్లు ఉన్నాయి గానీ మోకాళ్ల నొప్పులున్న వారికి ఆ మెట్లే కష్టం. వాన ఎక్కువైనా, శీతకాలంలోనూ కొన్ని భాగాలు మూసివేస్తారు కాబట్టి ముందుగా చూసుకుని వెళ్లాలి.

రాతిపొర (లీడ్స్)

డాక్టరు గారు చెప్పిన దానికి ఒక కారణం చేర్చాలి. ఆరోగ్యంగా ఉన్న మూర్ మీద స్ఫాగ్నమ్ అనే నాచు దట్టంగా పరుచుకుని, తన పొడి బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది. మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల పొగ నుంచి నూటయాభై ఏళ్లకు పైగా పడిన ఆమ్ల మసికి పీక్ డిస్ట్రిక్ట్‌లో ఆ నాచు చాలావరకు చచ్చిపోయింది. తరువాత కార్చిచ్చులు, గొర్రెల మేత తోడై, పీట్ బోడిగా మిగిలింది. బోడి పీట్ మీద పడిన వాన ఆగకుండా గ్రఫ్‌ల్లో పడి క్లఫ్‌ల్లోకి దూకుతుంది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగే నేల అది. మనిషి ఎత్తు గ్రఫ్ గోడ ముందు నిలబడితే, దాని అడుగు పొర ఎన్ని వేల ఏళ్ల నాటిదో మీరే లెక్క వేసుకోవచ్చు.

2003లో మొదలైన మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ అనే భాగస్వామ్య సంస్థ అప్పటి నుంచి ఈ నేలను బాగుచేస్తోంది. హెలికాప్టర్లతో రాళ్లు తెచ్చి గ్రఫ్‌లకు అడ్డుకట్టలు వేస్తున్నారు, గడ్డి విత్తనాలు చల్లుతున్నారు, స్ఫాగ్నమ్ నాటుతున్నారు. అలా చేసిన చోట్ల వాననీరు వాగుకు చేరడం నెమ్మదించిందని వారి కొలతల్లో తేలింది. మీరు పైకి ఎక్కినప్పుడు అడ్డుకట్టల వెనుక నీటి మడుగులు కనిపిస్తే వాటి మీద నడవకండి. లేత ఆకుపచ్చగా మెరుస్తున్న నాచు కింద నేల ఉందని కూడా అనుకోకండి, నడుము దాకా దిగబడవచ్చు.

చరిత్రప్రియ (లివర్‌పూల్)

ఈ లోయల్లో మనం ఎవరినీ అడగకుండా నడవగలుగుతున్నామంటే దానికి కూడా ఒక క్లఫ్‌తో సంబంధం ఉంది కాబట్టి చెబుతున్నాను. 1932 ఏప్రిల్ 24న హేఫీల్డ్ దగ్గరి పాత క్వారీలో కూడిన వందలాది మంది, ఎక్కువగా మాంచెస్టర్ కార్మిక యువత, విలియం క్లఫ్ వెంట కిండర్ మీదికి ఎక్కారు. అప్పట్లో ఆ మూర్లు గ్రౌస్ పక్షుల వేట కోసం పెద్ద భూస్వాములు మూసి ఉంచినవి. దారిలో కాపలాదారులతో తోపులాట జరిగింది. నాయకుడు బెన్నీ రోత్‌మన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. అతనితో కలిపి అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలుశిక్ష పడింది. శిక్షలు అంత కఠినంగా పడడంతో, అప్పటి దాకా పట్టించుకోనివారు కూడా నడిచేవారి పక్షం వహించారు. 1951లో దేశంలోని మొదటి జాతీయ ఉద్యానవనంగా పీక్ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. 1965లో ఈడేల్ నుంచి స్కాట్లాండ్ సరిహద్దు దాకా పెన్నైన్ వే అనే పొడవైన కాలిబాట తెరిచారు. 2000 నాటి చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో పటంలో గుర్తించిన మూర్ భూముల మీద కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. 2002లో, ఆ నడకకు డెబ్బై ఏళ్లు నిండిన సభలో, నాటి డెవన్‌షైర్ డ్యూక్, 1932లో ఆ మూర్‌ను మూసి ఉంచిన భూస్వామి అయిన తన తాతగారు చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

హక్కుతో పాటు హద్దులు కూడా ఉన్నాయి. ఆ చట్టం ఇచ్చింది నడిచే హక్కే, గుడారం వేసే హక్కు కాదు. మార్చి 1 నుంచి జూలై 31 దాకా, నేల మీద గూళ్లు కట్టే పక్షుల కోసం, ఈ భూముల్లో కుక్కలను పొట్టి తాడుతో పట్టుకోవాలి. నిప్పు ఏ రూపంలోనూ వద్దు. 2018 జూన్‌లో శాడిల్‌వర్త్ మూర్ అంటుకున్నప్పుడు అగ్నిమాపక దళానికి తోడుగా సైన్యాన్ని దింపవలసి వచ్చింది, పీట్ భూమి లోపల కూడా రాజుకుంటూ ఉంటుంది. మన గుంపులు పోర్టబుల్ బార్బెక్యూ పట్టుకుని లోయల్లోకి వెళ్లడం నేను చూశాను. వండినది డబ్బాలో పెట్టుకుని వెళ్లండి, చాలు.

గోదారిగట్టు (బర్మింగ్‌హామ్)

నడకదారి గారి మాటను గౌరవిస్తాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పైన ఉండగా మంచు కమ్మితే వాగు వద్దంటున్నారు, గ్రఫ్ వద్దంటున్నారు. మరి మనిషి ఏం చేయాలి? కూర్చుని ఎదురుచూడాలా?

ఇంకొక సంగతి. అందరూ కిండర్ చుట్టూనే తిరుగుతున్నారు. పీక్ డిస్ట్రిక్ట్ నైరుతి మూలన గ్రాడ్‌బాక్ దగ్గర లడ్స్ చర్చ్ అనే రాతి చీలిక ఉంది, దాని గురించి ఎవరూ చెప్పలేదేమి? వంద మీటర్ల పొడవు, 18 మీటర్ల దాకా లోతు, చాలాచోట్ల రెండు చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత వెడల్పు. మధ్యయుగంలో మతాధికారుల కంటపడకుండా లోలార్డులు, అంటే చర్చిని విమర్శించిన సంస్కరణవాదులు, అక్కడ ప్రార్థనలు చేసుకున్నారని చెబుతారు. మండు వేసవిలో కూడా లోపల చల్లగా, గోడల నిండా ఫెర్నులు, పాచితో ఉంటుంది. అక్కడ ఎగబాకే పని లేదు, దారి తప్పే పని లేదు.

రాతిపొర (లీడ్స్)

లడ్స్ చర్చ్ మంచి సూచన. అది వాగు కోసిన లోయ కాదు. కొండవాలులో ఒక భాగం పక్కకు జారడంతో రాయి నిలువునా విడిపోయి ఏర్పడిన సందు. అందుకే అందులో వాగు లేదు, అడుగున బురద మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. అయితే రైలు మీద ఆధారపడిన పెన్నేటివాసి గారికి అక్కడికి చేరడం కష్టం.

పటంముడత (స్టాక్‌పోర్ట్)

గోదారిగట్టు గారి ప్రశ్నకు జవాబు ఉంది. మంచు పూర్తిగా కమ్మకముందే, చివరిసారి మీరు ఎక్కడున్నారో రూఢిగా తెలిసిన చోటనే పటం తీసి, దిక్సూచి పెట్టుకోవాలి. కిండర్ దక్షిణ సగంలో ఎక్కడున్నా దిక్సూచి చూసుకుంటూ దక్షిణంగా నడిస్తే ఈడేల్ వైపు అంచు బాట తగులుతుంది. గ్రఫ్ అడ్డు వస్తే దాని వెంట పోకుండా దిగి, ఎక్కి, మళ్లీ అదే దిక్కు పట్టుకోవాలి. అంచు దగ్గరపడుతున్న కొద్దీ అడుగు నెమ్మదించాలి. అంచు బాట చేరాక తూర్పుకో పడమరకో ఆ బాటనే పట్టుకుని, పడమర అయితే జేకబ్స్ లాడర్ దాకా వెళ్లి దిగాలి. పీఠభూమి నడుమకు వెళ్లకుండా అంచు బాట మీదనే ఉన్నవారికి ఈ చిక్కు చాలావరకు రాదు, అందుకే మొదటిసారి నడుమకు వెళ్లవద్దంటాను.

నిజంగా కదలలేని స్థితి వస్తే 999కు ఫోన్ చేసి పోలీసులను అడిగి, వారితో మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. పటం మీది గ్రిడ్ సంఖ్య చెప్పగలిగితే వెతకడం తొందరగా అవుతుంది. మాట అందని చోట సందేశం వెళ్లవచ్చు. దానికి ముందుగానే మీ ఫోను నుంచి రిజిస్టర్ అనే ఇంగ్లీషు మాటను 999కు సందేశంగా పంపి, వచ్చిన జవాబు ప్రకారం నమోదు చేసుకుని ఉండాలి. ఇంట్లో కూర్చుని ఈ రోజే చేయండి. ఈల ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. వచ్చేవారందరూ జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు, డబ్బు అడగరు. మొహమాటంతో చీకటి పడేదాకా ఆగి అప్పుడు పిలిస్తే వారికే కష్టం ఎక్కువ.

పెన్నేటివాసి (మాంచెస్టర్)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ముందు పాడ్లీ, ఆ తరువాత పాఠశాల శరత్కాలపు సెలవుల్లో, అంటే అక్టోబరు చివరి వారంలో, గ్రైండ్స్‌బ్రుక్ ఎక్కి జేకబ్స్ లాడర్ మీదుగా దిగాలని నిర్ణయించుకున్నాము. ఓఎల్1 పటం కొన్నాను, 999 నమోదు అయింది. ముందు రోజులు బాగా వాన పడితే గ్రైండ్స్‌బ్రుక్‌కు బదులు ఏమి చేయమంటారు? పొద్దున ఎన్ని గంటల రైలు పట్టుకోవాలి?

నడకదారి (షెఫీల్డ్)

వాన బాగా పడి ఉంటే అదే చుట్టును తగ్గించి, జేకబ్స్ లాడర్ మీదుగానే ఎక్కి, అంచు మీద కొంత దూరం నడిచి, వచ్చిన దారినే దిగండి. వాగు పక్కన నడిచే ముచ్చట అప్పర్ బూత్ దగ్గర కొంత తీరుతుంది. క్రౌడెన్ క్లఫ్ కూడా అక్కడికి దగ్గరే గానీ, దాని పైభాగం గ్రైండ్స్‌బ్రుక్ కంటే కష్టం, తడిగా ఉన్నప్పుడు వద్దు. ఉత్తరం వైపు ఫెయిర్ బ్రుక్, బ్లాక్‌డెన్ బ్రుక్ నాకు ఇంకా ఇష్టమైన లోయలు, జనం తక్కువ. కాని అవి స్నేక్ రోడ్డు నుంచి మొదలవుతాయి, కారు కావాలి.

తేదీ విషయంలో జాగ్రత్త. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారం సాయంత్రం 5:45 ప్రాంతంలో అస్తమించిన సూర్యుడు ఆదివారం 4:45కే అస్తమిస్తాడు, లోయలో అంతకంటే ముందే నీడ పడుతుంది. తొమ్మిదిన్నర లోపు ఈడేల్‌లో దిగేలా రైలు చూసుకోండి, ముగ్గురికీ మూడు తలటార్చీలు పెట్టుకోండి. ఆ మార్గంలో ఆదివారం రైళ్ల వేళలు వేరుగా ఉంటాయి, మరమ్మతు పనులు కూడా అప్పుడే పెడుతుంటారు, కాబట్టి వీలైతే వారం మధ్యలోనే వెళ్లండి.